పెద్దవాళ్లతో వేల్స్‌లో రెండు రోజులు: బెద్‌గెలెర్ట్ లాంటి చిన్న ఊరికి వెళ్లొచ్చా?

బర్మింగ్‌హామ్ కోడలు అడిగారు:

అందరికీ నమస్కారం. మే చివర్లో హాఫ్ టర్మ్ సెలవులప్పుడు మా అత్తగారు, మామగారు మా దగ్గరే ఉంటారు. లండన్ అంతా తిప్పేశాం. మామగారికి కొండలంటే ఇష్టం, అందుకని నార్త్ వేల్స్‌కి రెండు రోజులు తీసుకెళ్దామనుకుంటున్నాం. అత్తగారికి మోకాళ్ల నొప్పులు. చదునుగా ఉంటే అరగంట నడుస్తారు, మెట్లు మాత్రం కష్టం. బాబుకి ఆరేళ్లు.

అందరూ స్నోడన్ ఎక్కమంటున్నారు. అది మావల్ల కాదు. పక్కింటావిడ మాత్రం బెద్‌గెలెర్ట్ అనే ఊరి పేరు చెప్పింది. మ్యాప్‌లో చూస్తే ఒక వంతెన, నాలుగు షాపులు, ఒక కుక్క సమాధి. అంతే ఉంది. మూడు గంటలు కారులో కూర్చోబెట్టి తీసుకెళ్లి, "ఇదేనా చూపించేది" అనిపించుకుంటామేమోనని టెన్షన్‌గా ఉంది. అత్తగారు, మామగారు శాకాహారులు. అక్కడికి వెళ్లొచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

కొండదారి రాశారు:

బెద్‌గెలెర్ట్ ఫొటోల్లో బాగుంటుంది. గంట ఆగితే చాలు. ఆ కుక్క సమాధి కూడా అసలుది కాదు. 18వ శతాబ్దం చివర్లో అక్కడి గోట్ హోటల్ యజమాని డేవిడ్ ప్రిచర్డ్ జనాన్ని రప్పించడానికి రాళ్లు పేర్పించి, ఊరి పేరుకు కథ అతికించాడంటారు. ఊరికి ఆ పేరు పాతకాలపు కెలెర్ట్ అనే సాధువు వల్ల వచ్చిందన్నదే ఎక్కువ నమ్మదగ్గ మాట.

మీ మామగారికి కొండలు ఇష్టమైతే లాన్‌బెరిస్ నుంచి స్నోడన్ శిఖరం దాకా రైలుంది. 1896 నుంచి నడుస్తోంది. ముందే బుక్ చేసుకోండి. గాలి ఎక్కువగా ఉంటే పైదాకా వెళ్లకుండా మధ్యలోనే ఆపేస్తారు, దానికి సిద్ధపడి వెళ్లండి.

చెస్టర్ అబ్బాయి రాశారు:

కొండదారి గారు సమాధి గురించి చెప్పింది నిజమే. గంట చాలు అన్నదానికి మాత్రం నేను ఒప్పుకోను. మొదటిసారి వెళ్లినప్పుడు నేనూ గంటలోనే బయటపడ్డాను. వంతెన మీద ఫొటో, ఐస్‌క్రీం, మళ్లీ కారు. రెండోసారి అమ్మతో వెళ్లాను. ఆ ఊరు నాకు అప్పుడే తెలిసింది.

మీరు పెద్దవాళ్లతో వెళ్తున్నారు కాబట్టి ఆ రోజు సంగతి కాస్త వివరంగా చెప్తాను.

ఊళ్లో గ్లాస్లిన్, కొల్విన్ అని రెండు ఏర్లు కలుస్తాయి. కలిసేచోట చిన్న నడక వంతెన ఉంది. అది ఎక్కకుండా ఇవతలి ఒడ్డునే పచ్చిక బయల్లో ఐదారు నిమిషాలు నడిస్తే సమాధి. దారి చదునుగా ఉంటుంది, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకీ ఇబ్బంది ఉండదు. చుట్టూ గొర్రెలు మేస్తుంటాయి. చెట్టు కింద ఇనుప కంచె, అందులో నిలబెట్టిన రెండు పలకలు, ఒకటి వెల్ష్‌లో, ఒకటి ఇంగ్లీష్‌లో.

అమ్మకి ఇంగ్లీష్ రాదు. నేను ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. "13వ శతాబ్దంలో లెవెలిన్ అని ఇక్కడ ఒక రాజు ఉండేవాడమ్మా. ఒకరోజు వేటకెళ్లాడు. ఆయనకి ప్రాణమైన కుక్క, పేరు గెలెర్ట్, ఎందుకో ఆ రోజు వెంట రాలేదు. తిరిగొచ్చేసరికి కుక్క ఎదురొచ్చింది, ఒళ్లంతా రక్తం. లోపల పసివాడి ఉయ్యాల ఖాళీగా ఉంది..."

నేను ఇంకా చదవనేలేదు. అమ్మ అందుకుంది. "పిల్లాణ్ణి అదే తినేసిందనుకుని చంపేశాడు. పిల్లాడేమో బతికే ఉన్నాడు. పక్కన పాము చచ్చి పడుంది."

"పాము కాదమ్మా, తోడేలు."

"ఏదైతేనేం. మన ముంగిస కథే కదరా ఇది."

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. మొదటిసారి వచ్చినప్పుడు అదే పలక ముందు నిలబడి, అదే కథ చదివి కూడా నాకు తట్టలేదు. పంచతంత్రంలోని ముంగిస కథ చిన్నప్పుడు నాకు చెప్పింది అమ్మే. జానపద కథల మీద పనిచేసినవాళ్లు కూడా ఈ కుక్క కథకు మూలాన్ని వెతుక్కుంటూ భారతదేశం దాకా వచ్చారని తర్వాత చదివాను. పుస్తకాలతో పని లేకుండానే మా అమ్మ ఆ కంచె దగ్గర నిలబడి పోల్చేసింది.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "మన కథలో నీళ్లకెళ్లిన తల్లి వచ్చి కడవ దానిమీద పడేస్తుంది. ఇక్కడ తండ్రి చేశాడు. ఈ పిల్లాడి తల్లి ఎక్కడికెళ్లిందో రాశారా?" అని అడిగింది. పలక మీద లేదు. ఆ తర్వాత రాజు మళ్లీ నవ్వలేదట అని మాత్రం ఉంది. అది చెప్తే, "మరి నవ్వేం వస్తుంది" అంది. అక్కడే గడ్డిలో కండువా పరుచుకుని ముప్పావుగంట కూర్చున్నాం. ఊళ్లో మా చుట్టాలందరి పిల్లలకూ ఆ కథ తను ఎప్పుడెప్పుడు చెప్పిందో చెప్పుకొచ్చింది. ఈ దేశంలో అమ్మకి నేను ఏది చూపించినా, "బాగుందిరా" అని ఊరుకునేది. ఇక్కడ మాత్రం తనే నాకు చెప్పింది.

అందుకే, ఆ రాళ్లు హోటల్ యజమాని పెట్టించాడా, రాజు పెట్టించాడా అన్నది నాకు పెద్ద విషయం కాదు. మీ అత్తగారికి ముందే ఏమీ చెప్పకండి. పలక దగ్గరికి వెళ్లాక నెమ్మదిగా చదవండి.

ఇక ఊరి సంగతి. ముదురు రంగు రాతి ఇళ్లు, పలకరాయి కప్పులు, కొల్విన్ మీద పాత రాతి వంతెన, ఎండాకాలంలో కిటికీల ముందు పూల బుట్టలు. ఆ వంతెన నుంచి ఐదు నిమిషాల్లో సెయింట్ మేరీ చర్చి. పూర్వం అక్కడ అగస్టీనియన్ సాధువుల మఠం ఉండేది, ఈ చర్చి దానిలో మిగిలిన భాగం. తూర్పు గోడలో పొడుగ్గా, సన్నగా మూడు కిటికీలుంటాయి. పొద్దున పూట వెళ్తే లోపల వెలుగు బాగుంటుంది.

ఇంకోటి, అక్కడ వెల్ష్ వినపడుతుంది. బోర్డుల మీదే కాదు, షాపులో, బస్టాపులో, పిల్లలు ఆడుకుంటున్నప్పుడు కూడా. గ్వినెద్ కౌంటీలో 2021 జనాభా లెక్కల ప్రకారం నూటికి 64 మందికి వెల్ష్ వచ్చు. మీ మామగారికి రెండు మాటలు నేర్పండి: పొద్దున పలకరింపుకి "బోరె ద", థాంక్స్‌కి "దియోల్ఖ్". అమ్మ ఐస్‌క్రీం తీసుకుని "దియోల్ఖ్" అనగానే కౌంటర్ దగ్గరున్న పెద్దావిడ బయటికొచ్చి, ఇంకోసారి అనిపించుకుని, చేయి పట్టుకుంది. ఊరి పేరులో రెండు డీలు ఉంటాయి కానీ, పలకడం దాదాపు మన "అది"లో ద లాగే. మన నోటికి తేలికే. బెద్ అంటే సమాధి.

మీ బాబుకి దినాస్ ఎమ్రిస్ చూపించండి. ఊరికి ఈశాన్యంగా మైలున్నర దూరంలో చెట్లతో కప్పిన గుట్ట. పూర్వం గ్వర్థైర్న్ అనే రాజు దానిమీద కోట కట్టిస్తుంటే పగలు లేచిన గోడ రాత్రికి కూలిపోయేదట. తండ్రి లేని పిల్లాణ్ణి బలిస్తే నిలుస్తుందన్నారు. చెరువు కట్ట నిలవడానికి బలి అడిగే మన కథల్లాగే. పట్టుకొచ్చిన పిల్లాడు, "కింద మడుగుంది, అందులో రెండు డ్రాగన్లు కొట్టుకుంటున్నాయి, తవ్వి చూడండి" అన్నాడు. తవ్వితే ఎర్రది, తెల్లది బయటికొచ్చి పోట్లాడుకున్నాయి, ఎర్రది గెలిచింది. వేల్స్ జెండా మీదున్న ఎర్ర డ్రాగన్‌కి ఇక్కడివాళ్లు చెప్పుకునే కథ ఇదే. 1950లలో పైన తవ్వకాలు జరిపితే నిజంగానే నీటి గుంట ఆనవాళ్లు దొరికాయి. ఎక్కడం అత్తగారి వల్ల కాదు. మీవారు, బాబు ఎక్కుతుంటే మిగిలినవాళ్లు కింద లిన్ దినాస్ చెరువు దగ్గర కూర్చోవచ్చు.

దానికి దగ్గర్లోనే సిగన్ రాగి గని. 1903లో మూతపడింది, 1986 నుంచి చూడటానికి తెరిచారు. లోపల ఖనిజాల రంగులతో పైనుంచి వేలాడే రాతి ఊచలు, కింద నిలిచిన నీళ్లు భలేగా ఉంటాయి. కానీ లోపల మెట్లు చాలా ఉన్నాయి, కింద మొదలై కొండ పక్కన పైకి తేలాలి. అత్తగారిని తీసుకెళ్లకండి.

నేను చేసిన ఒక తప్పు మీరు చేయకండి. సమాధి దాటి ఇంకా ముందుకెళ్తే అబెర్‌గ్లాస్లిన్ లోయలో ఏటి అంచునే ఒక దారి ఉంది, జాలర్ల దారి అంటారు. ఫొటోల్లో చూసి, కాస్త దూరమే కదా అని అమ్మని దాని మీదికి తీసుకెళ్లాను. రాత్రి వాన పడింది. కొన్నిచోట్ల దారి అంటే నీళ్ల పక్కన బండే, రాయికి కొట్టిన ఇనుప పిడులు పట్టుకుని నడవాలి. రెండో పిడి దగ్గర అమ్మ కాలు జారింది. నేను వెనకే ఉన్నాను కాబట్టి పట్టుకున్నాను, మోచెయ్యి మాత్రం గీరుకుపోయింది. ఏటి హోరులో నేను ఆగమన్నది కూడా తనకి వినపడలేదు. వెనక్కి తిరిగి రావడానికి అరగంట పట్టింది. మంచి బూట్లున్న యువకులకి అది చాలా అందమైన దారి. మీరు సమాధి తర్వాత రైలు పట్టాల దగ్గరి వంతెన దాకా వెళ్లి, అవతలి ఒడ్డున ఊళ్లోకి తిరిగొచ్చేయండి. ఆ చుట్టూ మొత్తం చదునే.

బర్మింగ్‌హామ్ కోడలు రాశారు:

చెస్టర్ అబ్బాయి గారూ, చదువుతుంటే మా అత్తగారే కనిపించారు. మా పెళ్లయిన కొత్తలో ఆవిడ మా ఆడపడుచు పిల్లలకి ముంగిస కథ చెప్పడం విన్నాను నేను. ఇక రెండో ఆలోచన లేదు, వెళ్తున్నాం.

రెండు సందేహాలు. భోజనం సంగతి ఏంటి? మామగారు, బాబు ఇద్దరూ ఆవిరి రైలు అంటున్నారు, అది ఈ ఊళ్లోనే ఆగుతుందా?

రైలంటే ప్రాణం రాశారు:

ఆగుతుందండి, ఊరికి కాస్త పైన స్టేషన్ ఉంది. వెల్ష్ హైలాండ్ రైల్వే. కర్నార్వన్ నుంచి పోర్త్‌మడోగ్ దాకా 25 మైళ్లు, పట్టాల మధ్య దూరం రెండడుగులకి కాస్త తక్కువ. 1923లో మొదలై, 1936లోనే ప్రయాణికుల రైళ్లు ఆగిపోయాయి, యుద్ధకాలంలో పట్టాలు కూడా పీకేశారు. డెబ్బై ఏళ్ల తర్వాత ఔత్సాహికులు మళ్లీ వేశారు. 2009లో బెద్‌గెలెర్ట్‌కి రైలొచ్చింది, 2011లో మొత్తం దారి పూర్తయింది. లాగేవి గారట్ ఇంజన్లు. మాంచెస్టర్ కంపెనీ తయారుచేసి దక్షిణాఫ్రికాకి పంపిన రకం, అక్కడ పని అయిపోయాక వెనక్కి తెచ్చుకున్నారు. ముందొకటి వెనకొకటి నీళ్ల తొట్టి, మధ్యలో బాయిలర్, వంపుల్లో బండి మొత్తం పాములా వంగుతుంది. మీ బాబుని కిటికీ పక్కన కూర్చోబెట్టి వంపు దగ్గర ఇంజన్ చూపించండి.

పెద్దవాళ్లతో మొత్తం దారి వద్దు, ఒకవైపే రెండు గంటల పైన పడుతుంది. బెద్‌గెలెర్ట్‌లో ఎక్కి పోర్త్‌మడోగ్‌లో దిగండి, ముప్పావుగంట దాకా పడుతుంది. చెస్టర్ అబ్బాయి గారి అమ్మగారు జారిన లోయనే ఈ రైలు సొరంగాల్లోంచి దాటుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అబెర్‌గ్లాస్లిన్ చూడటానికి ఇదే మంచి మార్గం. సొరంగం దాటగానే కింద ఏరు కనిపిస్తుంది, ఫోన్ చేతిలో రెడీగా ఉంచుకోండి.

తర్వాత లోయ విప్పారి ఒక్కసారిగా చదునైపోతుంది. ఆ నేలంతా ఒకప్పుడు సముద్రపు పాయ. పోటు వచ్చినప్పుడు అబెర్‌గ్లాస్లిన్ వంతెన దాకా నీళ్లొచ్చేవి, పడవలొచ్చేవి. 1811లో విలియం మడోక్స్ పోర్త్‌మడోగ్ దగ్గర కాబ్ అనే కట్ట పూర్తిచేశాక నేల తేలింది. మధ్యలో పాంట్ క్రోయెసర్ అనే చోట ఆస్ప్రే గద్దల గూడు చూసే కేంద్రం ఉంది. 2004 నుంచి ఆ లోయలో పిల్లల్ని పెడుతున్నాయి, మే నెలలో గూటి దగ్గరే ఉంటాయి.

స్టేషన్ నుంచి ఊళ్లోకి దారి కాస్త వాలు. దిగేటప్పుడు బాగానే ఉంటుంది, ఎక్కేటప్పుడు అత్తగారికి టైమ్ ఇవ్వండి.

కారు లేనివాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే: బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి పోర్త్‌మడోగ్‌కి నేరుగా రైళ్లున్నాయి. కాకపోతే మాకన్లెత్ దగ్గర బండి రెండుగా విడిపోతుంది. పుల్హెలీ వెళ్లే పెట్టెల్లోనే కూర్చోండి, లేదంటే అబరిస్ట్‌విత్‌లో తేలతారు.

కొండదారి రాశారు:

నేను కొండలు ఎక్కడానికే వెళ్తాను కాబట్టి నా జవాబు అలా వచ్చింది. ముంగిస కథ పోలిక నాకు ఇప్పటిదాకా తెలియదు. ఈసారి ఆ పలక ముందు తప్పకుండా ఆగుతాను.

మీ మామగారి కోసం ఒక మాట. వెళ్లేటప్పుడు ష్రూస్‌బరీ, లాంగోలెన్, బెత్సి కోయెద్ మీదుగా ఏ5లో వెళ్లండి. కాపెల్ కీరిగ్ దగ్గర ఏ5 వదిలి, పెనీగురిద్ దాటాక ఏ498లో దిగుతుంటే కుడివైపు కారు ఆపుకునే చోటు వస్తుంది. కింద లిన్ గ్వినాంట్ చెరువు, పక్కన అర్ విద్వ కొండ భుజాలు. అర్ విద్వ అంటే స్నోడనే, 1,085 మీటర్లు, నేషనల్ పార్క్ వాళ్లు 2022 నుంచి వెల్ష్ పేరే వాడుతున్నారు. కొండ ఎక్కని మనిషికి అంతకంటే మంచి చూపు ఎక్కడా లేదు. లాంగోలెన్ దగ్గర టైమ్ ఉంటే పాంట్‌కసల్తే కాలువ వంతెన చూడండి. 1805లో థామస్ టెల్ఫర్డ్ కట్టించాడు. 38 మీటర్ల ఎత్తున ఇనుప తొట్టిలో పడవలు వెళ్తుంటాయి.

వేల్స్‌లో 2023 సెప్టెంబర్ నుంచి ఇళ్లున్న వీధుల్లో సాధారణంగా 20 మైళ్ల వేగమే. ఇంగ్లండ్ నుంచి వెళ్లేవాళ్లు మర్చిపోతుంటారు. రోడ్డు మీద "ఆరవ్" అని రాసుంటే నెమ్మది అని.

చెస్టర్ అబ్బాయి రాశారు:

భోజనం: వంటగది ఉన్న కాటేజ్ తీసుకోండి. పెద్దవాళ్లకి అదే హాయి. మేము చిన్న కుక్కర్ పట్టుకెళ్లాం, పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకున్నాం. కేఫ్‌ల్లో జాకెట్ పొటాటో, చీజ్ టోస్ట్, సూప్ దొరుకుతాయి, సూప్‌లో మాంసం రసం ఉందేమో అడగండి. వెల్ష్ కేక్ అని పెనం మీద కాల్చే చిన్న బిళ్లలుంటాయి, ఎండు ద్రాక్షతో బాగుంటాయి కానీ సాధారణంగా గుడ్డు వేస్తారు. మీ వాళ్లు గుడ్డు కూడా తినకపోతే వద్దు.

మే చివరి సోమవారం బ్యాంక్ హాలిడే, ఆ రోజు పార్కింగ్ దొరకదు. మంగళ, బుధ వారాలు పెట్టుకుని పదిలోపే ఊళ్లో ఉండండి. వాన పడుతుందనే అనుకుని రెయిన్ కోట్లు తీసుకెళ్లండి, గొడుగు గాలికి ఆగదు. నాంట్ గ్వినాంట్ లోయలో నా ఫోన్‌కి సిగ్నల్ అందలేదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

బర్మింగ్‌హామ్ కోడలు రాశారు:

వెళ్లొచ్చామండి. మంగళవారం వాన, బుధవారం ఎండ.

పలక దగ్గర నేను చదువుతుంటే అత్తగారు ఏమీ అనకుండా వింటున్నారు. పోల్చలేదేమో అనుకున్నాను. పూర్తయ్యాక బాబుని దగ్గరికి పిలిచి, "ఇప్పుడు నేను చెప్తాను విను, మన దగ్గర అది కుక్క కాదు" అని మొదలుపెట్టారు. మామగారు పక్కనుంచి, "కడవ కాదు, బిందె" అని సరిదిద్దబోతే ఒప్పుకోలేదు. పక్కన బెంచీ మీద కూర్చున్న ఒక జంట ఏమిటని అడిగితే మావారు ఇంగ్లీష్‌లో చెప్పారు. వాళ్లు కర్నార్వన్ వాళ్లట. ఆ పెద్దాయన వెల్ష్ పలక మొత్తం పైకి చదివి వినిపించాడు. అత్తగారు ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా నిలబడే విన్నారు.

రైల్లో బాబు వంపు దగ్గర ఇంజన్ చూశాడు. దినాస్ ఎమ్రిస్ ఎక్కడానికి టైమ్ చాలలేదు, ఎర్ర డ్రాగన్ కోసం మళ్లీ రావాల్సిందేనంటున్నాడు. సెప్టెంబర్‌లో ఆ గుట్ట దారి బురదగా ఉంటుందా, ఎవరైనా చెప్పగలరా?